కారిడార్ ఖాళీ చేయించింది నేనే

నేనొక పని చేశాను. దాన్ని ఇరవై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. మోస్తున్నానని ఎవరికీ తెలియదు. మా ఆయనకు సగం తెలుసు. ఆ సగం కూడా నేను కడిగి, తుడిచి, చూడ్డానికి బాగుండేలా సర్ది ఇచ్చిన సగం.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన అవసరం లేదు. తెలిసినవాళ్ళకైతే చెప్పలేను. వాళ్ళు నా మీద ప్రేమకొద్దీ వెంటనే "పోనీలే, ఎప్పటి మాటో" అంటారు. ఆ మాట వినాలని లేదు. రేపు ఆదివారం. రేపు ఒకావిడ ఇంటికి వెళ్ళి, ఆవిడ ఎదురుగా కూర్చుని, ఇదంతా చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఇదివరకు కూడా అనుకున్నాను, వెనక్కి తగ్గాను. ఈసారి తగ్గను. తగ్గకుండా ఉండటానికే ముందు మీకు రాస్తున్నాను. ఒకసారి రాసి పెట్టాక, పొద్దున్నే లేచి నాకు నేను ఇంకో కథ చెప్పుకోవడం కుదరదు కదా.

అప్పట్లో మేం జురాంగ్ వెస్ట్ అనే పేటలో ఉండేవాళ్ళం. పాత గవర్నమెంటు బ్లాకు, పైనుంచి రెండో అంతస్తు, వరసగా ఇళ్ళు, ఇళ్ళ ముందు పొడుగాటి కారిడార్. మాది ఆ చివరి ఇల్లు. ఐటీ మంచి ఊపు మీదున్న రోజులు. కాకినాడ నుంచి, గుంటూరు నుంచి, హైదరాబాద్ నుంచి వారానికొక కొత్త ముఖం ఈ దేశంలో దిగేది. మా ఆయన ఆఫీసులో కుర్రాళ్ళు ఆరు నెలలకొక ఉద్యోగం మారేవాళ్ళు. ఆదివారం మనవాళ్ళ కొట్లుండే లిటిల్ ఇండియాలో కూరగాయలు కొనడానికి వెళ్తే ఎవరు ఎక్కడ కండో, అంటే ఖరీదైన ప్రైవేటు అపార్ట్‌మెంట్, తీసుకున్నారు, ఎవరింట్లో స్విమ్మింగ్ పూల్ కనిపిస్తుంది, ఇవే మాటలు. నాకు ఆ మాటలు గుచ్చుకునేవి. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, గుచ్చుకునేవి. మా ఫ్లాట్‌కి మా వాళ్ళు ఎవరైనా వస్తే, లిఫ్ట్ దగ్గర్నుంచి మా గుమ్మం దాకా వాళ్ళ కళ్ళు ఎటు పోతున్నాయో చూసుకుంటూ నడిచేదాన్ని.

మేమూ ఒక కండోకి మాట ఇచ్చేశాం. ఈ ఫ్లాట్ అమ్ముడైతేనే అది మాది. గడువుంది. అమ్మే పని నేను నెత్తిన వేసుకున్నాను. అప్పటికి పాప పుట్టాక ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను. ఒకప్పుడు నేనూ ఆఫీసులో గడువులోపల పని తెమిల్చినదాన్నే. ఈ ఇల్లు నేను అమ్మి చూపిస్తాను అనుకున్నాను. పట్టుదల నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. మా ఇంట్లో దాన్ని గుణంగానే చెప్పేవాళ్ళు.

ఏజెంట్ పేరు సెల్వం. తమిళాయన, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. మొదటిసారి వచ్చినప్పుడు చెప్పులు విప్పి గుమ్మంలోనే నిలబడి గాలి పీల్చాడు. "అక్కా, ముందు ఈ వాసన పోవాలి" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో పోపు లేదు. ఇంగువ డబ్బా, ఆవకాయ జాడీ స్నేహితురాలి ఇంటికి పంపేశాను. బ్రెడ్డు, పెరుగన్నం, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్ నుంచి తెచ్చిన నూడుల్స్. గుమ్మానికున్న మామిడాకుల తోరణం తీశాను. దేవుడి పటాలు అలమారలో పెట్టాను. గోడల మీద పాప గీసిన ఏనుగులకు రంగు వేయించాను. పాప ఏడ్చింది. "వై మమ్మీ, మై ఎలిఫెంట్ వాట్ డిడ్ రాంగ్ లా" అంది, బడిలో పట్టుబడిన ఇక్కడి ఇంగ్లీషులో. నవ్వొచ్చింది కానీ ఆగలేదు. సగం సామాను మంచాల కింద దూర్చి, తెల్ల దుప్పట్లు పరిచి, హాల్లో పెద్ద అద్దం పెట్టించాను. కొనేవాళ్ళు వచ్చే ముందు అన్ని లైట్లూ వేసి, ఏసీ వేసి, నిమ్మకాయ వాసన వచ్చేది ఏదో చల్లేదాన్ని. ఇల్లు నిజంగా బాగుండేది. నాకే అందులో తిరగాలంటే పరాయిగా ఉండేది.

వచ్చినవాళ్ళు ఇల్లంతా చూసి తలూపేవాళ్ళు. మళ్ళీ ఫోన్ చేసేవాళ్ళు కాదు.

కారణం సెల్వం చెప్పాడు. "లోపల ఫస్ట్ క్లాస్ అక్కా. బయటే ప్రాబ్లం. మీ గుమ్మం దాకా వచ్చేసరికే వాళ్ళ మనసు పోతోంది."

బయట అంటే లిమ్ ఆంటీ సామాను.

మా కారిడార్‌లో మాకు ముందు రెండిళ్ళు. లిఫ్ట్ వైపు లిమ్ ఆంటీది, మధ్యలో రోకియాది, చివర మాది. లిమ్ ఆంటీ చైనీసావిడ, డెబ్బై దాటింది, ఒంటరిగా ఉండేది. భర్త పోయాడు. ఆయనకు పాటల పిట్టలు పెంచే పిచ్చి ఉండేదట. ఖాళీ వెదురు పంజరాలు ఇంకా ఆమె కిటికీ పక్కన వేలాడుతుండేవి. వాటి కింద మడిచిన అట్టపెట్టెల కట్టలు, మట్టి కుండీలు, పాత సైకిలు, ఒక పేము కుర్చీ. ఆ కుర్చీ సరిగ్గా ఆవిడ గుమ్మానికీ రోకియా గుమ్మానికీ మధ్యలో ఉండేది. ఒక్క మనిషి పక్కకు తిరిగి వెళ్ళేంత దారి మిగిలేది.

రోకియా మలయ్ ఆవిడ. నాకంటే పెద్దది. నన్ను "ఆదిక్" అనేది, అంటే వాళ్ళ భాషలో చెల్లి. నేను ఆమెను "కక్" అనేదాన్ని, అక్క అని. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. ఆమె తల్లి వీల్‌చైర్‌లో ఉండేది. ఆ పెద్దావిడను అందరం నెనెక్ అనేవాళ్ళం, అవ్వ అన్నట్టు. రోకియా డ్యూటీకి వెళ్ళాక నెనెక్‌ని చూసుకునేది లిమ్ ఆంటీ. ఎవరూ పెట్టుకున్న ఏర్పాటు కాదది. ఎన్నో ఏళ్ళుగా అలా జరిగిపోతోంది. నెనెక్‌కి ఏదైనా కావాలంటే చేతికర్రతో గోడ మీద తట్టేది. ఆగి ఆగి తట్టేది. పేము కుర్చీలో కూర్చుని గింజలో చిక్కుళ్ళో ఒలుచుకుంటున్న లిమ్ ఆంటీ లేచి లోపలికి వెళ్ళేది. రోకియా పిల్లలు చిన్నప్పుడు లిమ్ ఆంటీ ఇంట్లోనే పెరిగారట. రంజాన్‌కి ఇక్కడి పిండివంటలు అక్కడికి, చైనీస్ కొత్త సంవత్సరానికి అక్కడి కమలాలు ఇక్కడికి. ఇవన్నీ నేను చూశాను. ఆ కుర్చీ అక్కడెందుకుందో నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి వీల్లేదు.

ముందు మర్యాదగానే అడిగాను. "ఆంటీ, కొన్నాళ్ళు ఇవి లోపల పెట్టుకుంటారా? ఇల్లు చూడ్డానికి మనుషులొస్తున్నారు" అన్నాను. ఆవిడ నవ్వి, "లోపల చోటేది?" అంది. ఒక కుండీ జరిపింది. నా తృప్తి కోసం. అంతే.

గడువు దగ్గరపడింది. మా ఆయన రోజూ ఆఫీసు నుంచి రాగానే "ఎవరైనా వచ్చారా?" అని అడిగేవాడు. ఒకరోజు పాపను బడిలో దింపి, వీధి చివర పబ్లిక్ ఫోన్ దగ్గర నిలబడ్డాను. ఇంట్లో ఫోన్ ఉంది. అయినా అక్కడికే వెళ్ళాను. దీన్నిబట్టి మీకు అర్థమైపోవాలి, నేను చేస్తున్నదేంటో నాకు తెలుసని. మా బ్లాకులు చూసుకునే ఎస్టేట్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఫలానా అంతస్తులో కారిడార్ అంతా సామానుతో నిండిపోయింది, నడవడానికి దారి లేదు అన్నాను. అవతలి అమ్మాయి "సరే, చూస్తాం" అంది. ఆ గొంతులో తొందర లేదు. ఇలాంటివి రోజుకెన్ని వస్తాయో అన్నట్టుంది. అప్పుడు నేను ఇంకో మాట చేర్చాను. "వీల్‌చైర్ పోవడానికి కూడా దారి లేదు. పెద్దావిడ, ఏమైనా అయితే ఎలా?"

పేరు అడిగింది. ఫోన్ పెట్టేశాను.

ఇక్కడ ఆగాలి. మా ఆయనకు చెప్పిన సగం ఇదే. "నేనే కంప్లయింట్ ఇచ్చాను, ఏం చేస్తాం, తప్పలేదు" అని అప్పుడే చెప్పాను. ఆయన కాస్త ఇబ్బందిగా చూసి ఊరుకున్నాడు. వీల్‌చైర్ సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? పని త్వరగా అవుతుందని ఆ మాట నోట్లోంచి వచ్చింది, అంతేనని చాలా ఏళ్ళు అనుకున్నాను. అది నిజమే అయితే దాచడం దేనికి? మా వరసలో వీల్‌చైర్ ఒక్క ఇంట్లోనే ఉంది. ఆ మాట అన్న క్షణంలో, వేలు ఎటు తిరుగుతుందో నాకు కనిపించింది. నా వైపు తిరగదని కనిపించింది. కనిపించాకే అన్నాను. ఇంత సూటిగా ఈ వాక్యం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఆఫీసువాళ్ళు వచ్చి లిమ్ ఆంటీకి ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళారు. ఆవిడ పట్టించుకోలేదు. ఎప్పుడూ చెప్పేదే, మళ్ళీ మర్చిపోతారు అనుకున్నట్టుంది. మర్చిపోలేదు. ఒక ఉదయం ఆవిడ మార్కెట్‌కి వెళ్ళినప్పుడు మనుషులొచ్చారు. పంజరాలు, అట్టలు, సైకిలు, కుండీలు, పేము కుర్చీ, అన్నీ లిఫ్ట్‌లో దింపి కింద లారీకి ఎక్కించారు. నేను కిటికీ రెక్క కొంచెం తెరిచి చూస్తూ నిలబడ్డాను. ఆపండి, ఆవిడ వచ్చేదాకా ఆగండి అని ఒక్క మాట అనొచ్చు. కారిడార్ ఎంత వెడల్పుగా ఉందో అప్పుడు చూశాను. ఎండ గచ్చు మీద చివరిదాకా పడింది. నిజం చెప్తున్నాను, నాకు సంతోషం వేసింది.

ఆ మధ్యాహ్నం లిమ్ ఆంటీ మా తలుపు కొట్టింది. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం, మలయ్ బాగా వచ్చు. నాతో రెండూ కలిపి మాట్లాడేది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. గుమ్మంలోనే, ఇనప గ్రిల్లు పట్టుకుని నిలబడింది.

"ఎవరో ఫోన్ చేశారంట" అంది.

"అవునా ఆంటీ?"

"వీల్‌చైర్ పోవట్లేదని చెప్పారంట. ఆఫీసులో అడిగాను. పేరు చెప్పలేదు, ఇంతే చెప్పారు. నువ్వు చేశావా?"

"నేనా? లేదాంటీ."

"నువ్వు ఇల్లు అమ్ముతున్నావు కదా. అందుకని అడుగుతున్నా. నువ్వైతే చెప్పు. నాకు కోపం లేదు. నువ్వు వెళ్ళిపోయేదానివి. నువ్వైతే ఫర్వాలేదు."

మీకు వినిపించిందా ఆ మాట? నేనైతే ఫర్వాలేదంది. ఆవిడ నా దగ్గరకు తీర్పు చెప్పడానికి రాలేదు. నేనేనని చెప్పమని, దాదాపు బతిమాలడానికి వచ్చింది. నేను అవునంటే ఆవిడ ఇంటికెళ్ళి రెండు రోజులు తిట్టుకుని మామూలైపోయేది. నేను ఏమన్నానో తెలుసా?

"నేను కాదాంటీ. కానీ పాపం, నెనెక్‌కి మాత్రం కష్టంగానే ఉంది కదా, ఇటూ అటూ తిప్పాలంటే."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. తర్వాత రోకియా తలుపు వైపు చూసింది. "ముప్పై ఏళ్ళు" అంది, మలయ్‌లో. గ్రిల్లు వదిలి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ తలుపు తెరిచి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

రోకియాకు మొదట ఏమీ అర్థం కాలేదు. పలకరిస్తే లిమ్ ఆంటీ పలకదు. కూర పంపితే గిన్నె గుమ్మం ముందు అలాగే ఉండేది. తర్వాత విషయం తెలిసింది. ఒట్టేసి చెప్పిందట, ఫోన్ చేసింది తను కాదని. లిమ్ ఆంటీ నమ్మలేదు. రోకియాకు కోపం వచ్చింది, ఇన్నేళ్ళ తర్వాత నన్ను ఇంత మాట అంటుందా అని. ఆ కోపమంతా మా ఇంట్లో, తెల్ల కవర్లు వేసిన మా సోఫాలో కూర్చుని నాకే చెప్పుకుంది. నేను కాఫీ ఇచ్చాను. భుజం మీద చెయ్యి వేశాను. "అన్నీ సర్దుకుంటాయి కక్" అన్నాను. ఆ కాఫీ కప్పు కడుగుతూ నేను ఏమనుకున్నాను? గుర్తు తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. సెల్వం శనివారం ఎవర్నో తీసుకొస్తానన్నాడు, బాత్‌రూమ్ టైల్స్ తోమించాలి అనుకున్నాను. అదీ నేను.

శనివారం రోకియాకు ఓవర్‌టైమ్. నెనెక్ ఒక్కతే ఇంట్లో ఉంది. పొద్దున్న నేను గుమ్మం తుడుస్తుంటే లిమ్ ఆంటీ చక్రాల సంచీ లాక్కుంటూ లిఫ్ట్ వైపు వెళ్ళింది. మంచి బట్టలు వేసుకుంది. కొడుకు ఇంటికేమో. నా వైపు చూడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, అసలు నేను రేపు వెళ్తున్నది దీనికోసమే.

మధ్యాహ్నం సెల్వం ఒక జంటను తెచ్చాడు. పెళ్ళి చేసుకోబోతున్నవాళ్ళు. అమ్మాయి వెంట వాళ్ళమ్మ. కారిడార్‌లో నడిచి వస్తుంటేనే ఆ తల్లి "బాగా వెలుతురుగా ఉంది" అనడం వినిపించింది. నాకు ఆశ పుట్టింది. మా ఆయన పాపను పార్కుకి తీసుకెళ్ళాడు. ఇల్లు నిమ్మకాయ వాసన వేస్తోంది. వాళ్ళు హాలు చూశారు. ఆ అమ్మాయి అద్దంలో తనను తాను చూసుకుని నవ్వుకుంది. కొంటారని నాకు అప్పుడే తెలిసిపోయింది.

వాళ్ళు బెడ్‌రూమ్‌లో ఉండగా గోడ మీద తట్టుడు వినిపించింది.

ఏదో పడిన చప్పుడు అంతకుముందే వినిపించిందా? వినిపించిందనే అనుకుంటున్నాను. తట్టుడు మాత్రం స్పష్టంగా విన్నాను. ఆగి ఆగి. కింద నుంచి, గచ్చుకు దగ్గరగా. నెనెక్ ఎప్పుడూ లిమ్ ఆంటీ వైపు గోడనే తట్టేది. మా వైపు గోడ ఎప్పుడూ తట్టలేదు. ఆ వైపు తట్టి తట్టి ఎవరూ రాకపోతే, పాక్కుంటూ ఈ వైపు వచ్చిందన్నమాట. ఇదంతా తర్వాత ఆలోచించి కట్టుకున్నది కాదు. విన్న వెంటనే తెలిసింది.

ఆ తల్లి తల తిప్పింది. "ఏంటా చప్పుడు?" అంది. పక్కవాళ్ళు గోల చేసే రకమేమోనని ఆమె భయం.

"పక్కింట్లో రెనొవేషన్. ఇవాళ్టితో అయిపోతుంది" అన్నాను.

అని, బెడ్‌రూమ్ తలుపు దగ్గరగా వేసి, వాళ్ళను వంటింట్లోకి తీసుకెళ్ళాను. గ్యాస్ పొయ్యి చూపించాను. బట్టలారేసే కర్రలు పెట్టే చోటు చూపించాను. మధ్యాహ్నం గాలి ఎలా వస్తుందో చెప్పాను. టీ తాగుతారా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. అడిగాను. తాగుతామన్నారు. నీళ్ళు మరిగేదాకా నిలబడ్డాను. పాలు పోశాను. టీ తాగుతూ ఆ అబ్బాయి ఆఫీసు గురించి చెప్పాడు. అతనూ కంప్యూటర్లే. మా ఆయన కంపెనీ పేరు విన్నానన్నాడు. తట్టుడు వినిపిస్తూనే ఉందా? టీ కాచేటప్పుడు ఉంది. తాగేటప్పుడు లేదు. ఆగిపోయినందుకు నేను ఊపిరి పీల్చుకున్నాను. ఎందుకు ఆగిపోయిందో ఆలోచించలేదు.

వాళ్ళను లిఫ్ట్ దాకా సాగనంపి అప్పుడు పరిగెత్తాను. రోకియా ఇంటి తాళంచెవి మా దగ్గర ఒకటి ఉండేది, లిమ్ ఆంటీతో మాటలు పోయాక నాకే ఇచ్చింది. నెనెక్ గచ్చు మీద పక్కకు పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతికర్ర చేతిలోనే ఉంది. నన్ను చూసి ఏదో అంది. నాకు అర్థం కాలేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తుంటి విరిగింది. ఆస్పత్రి నుంచి మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. ఊరికి ఇంకో చివర ఉడ్‌ల్యాండ్స్‌లో ఉన్న ఆవిడ కొడుకు తీసుకెళ్ళాడు. కొన్ని నెలలకు పోయింది.

రోకియా నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "నువ్వు లేకపోతే అమ్మ అక్కడే పోయేది ఆదిక్" అంది. "పక్కనే ఉంది ఆ మనిషి. ఆ గోడకు ఆనుకునే ఆమె మంచం. విని కూడా లేవలేదు."

లిమ్ ఆంటీ ఆ రోజు ఇంట్లో లేదు. నాకు తెలుసు. నా కళ్ళతో చూశాను. "లేదు కక్, ఆవిడ పొద్దున్నే బయటికి వెళ్ళింది" అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? అంటే, మరి విన్నదెవరు అన్న ప్రశ్న వస్తుంది. ఎవరు, ఎప్పుడు విన్నారు, విని ఎప్పుడు వెళ్ళారు. ఆ ప్రశ్నకు దారి లేకుండా చేసుకున్నాను. ఆ జంట ఇల్లు కొన్నారు. మేం గడువులోపల కండోకి మారిపోయాం.

మా పాప ఆ రోజుల్లో క్లాసులో లేచి నిలబడి మా మమ్మీ ఒక గ్రాండ్‌మాను కాపాడింది అని చెప్పిందట. టీచర్ నాకు చెప్పింది. నేను నవ్వాను.

తర్వాత ఇన్నేళ్ళు ఎలా గడిచాయని అడగొద్దు. బాగానే గడిచాయి. అదే బాధ. స్విమ్మింగ్ పూల్ ఉంది, పాప ఈత నేర్చుకుంది, నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాను. జురాంగ్ వైపు వెళ్ళే పని పడితే మాత్రం మా ఆయన్నే వెళ్ళమనేదాన్ని.

పోయిన నెల లిటిల్ ఇండియాలో రోకియా కనిపించింది. ముసలిదైపోయింది. మనవరాలి పెళ్ళికి బట్టలు కొనడానికి వచ్చిందట. నన్ను ముందు గుర్తుపట్టింది తనే. రోడ్డు మీదే కావలించుకుంది. మనవరాలితో "ఈవిడే మా అమ్మని కాపాడింది" అని చెప్పింది. ఆ పిల్ల వాళ్ళ పద్ధతిలో, పెద్దవాళ్ళకు నమస్కారంగా, నా చేతిని నుదుటికి ఆనించుకుంది. లిమ్ ఆంటీ ఎలా ఉందని అడిగాను. ఎలా అడగగలిగానో. "పోయి చాలా ఏళ్ళయింది" అంది రోకియా. "చివరిదాకా పక్కపక్కనే ఉన్నాం. మాట్లాడలేదు. నాకు ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు."

అక్కడే చెప్పాల్సింది. పువ్వులమ్మే కొట్టు ముందు, ఆ జనంలో. నోరు రాలేదు. వీలు చూసుకుని ఇంటికి వస్తానని మాత్రం అన్నాను.

రేపు ఆ వీలు.

*

ఇక్కడిదాకా శనివారం రాశాను. ఇవాళ సోమవారం.

వెళ్ళాను. అదే కారిడార్. అప్పట్లో కొన్ని అంతస్తుల్లోనే ఆగే లిఫ్ట్ ఇప్పుడు ప్రతి అంతస్తులోనూ ఆగుతోంది. లిమ్ ఆంటీ ఇంట్లో ఎవరో కొత్తవాళ్ళున్నారు. రోకియా కేకు చేసి ఉంచింది. నేను కూర్చున్నాను. కేకు ముక్క ప్లేటులో పెట్టబోతుంటే, "కక్, ముందు నా మాట వినండి. తర్వాత పెట్టాలనిపిస్తే పెట్టండి" అన్నాను. మొదలుపెట్టాను. పబ్లిక్ ఫోన్ దగ్గర్నుంచి. క్రమం తప్పకుండా, మీకు రాసినట్టే. నా గురించి ఒక్క మంచి మాట కూడా మధ్యలో దూరకుండా చూసుకున్నాను. ఏడవకూడదని గట్టిగా అనుకున్నాను. నేనేడిస్తే ఆవిడ ఓదార్చాల్సి వస్తుంది. ఆవిడ స్వభావం అది.

చెప్పడం అయిపోయింది. ఆవిడ ఒక్కటే అడిగింది.

"అమ్మ ఎంతసేపు తట్టింది?"

"వాళ్ళు వంటిల్లంతా చూసి, నేను టీ కాచేదాకా."

తలూపింది. ఇంకేదో అడగబోతోందనుకున్నాను. గోడ వైపు తిరిగింది. లిమ్ ఆంటీ వైపు గోడ. "అయితే ఆ రోజు ఆమె ఇంట్లో లేదు" అంది. నన్ను అడగడం కాదు.

"లేదు. పొద్దున్నే వెళ్ళడం చూశాను."

"ఆమె పోయినప్పుడు బ్లాకు కిందే టెంటు వేసి శవపేటిక పెట్టారు" అంది రోకియా, నెమ్మదిగా. "మూడు రోజులు ఉంచారు. నేను ఫ్యాక్టరీకి వెనక మెట్ల మీంచి వెళ్ళి వచ్చాను. ఆమె ఫోటో కనపడకూడదని."

నేను క్షమించమని అడగలేదు. అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అడగడమంటే ఆవిడకు ఇంకో పని అప్పజెప్పడమే. కాదంటే ఆవిడ చెడ్డదవుతుంది, సరేనంటే నేను ఇంటికి హాయిగా వెళ్తాను. అలాంటి ఏర్పాట్లు నేను చాలా చేశాను.

ఆవిడ లేచి తలుపు గడియ తీసింది. గ్రిల్లు తెరిచి, నేను వెళ్ళడానికి దారిచ్చి నిలబడింది. "నువ్వు వెళ్ళు" అంది. ఆదిక్ అనలేదు. నేను చెప్పులు వేసుకున్నాను. లిఫ్ట్ దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఆవిడ పక్కింటి గుమ్మం ముందు నిలబడి ఉంది. ఆ కొత్తవాళ్ళ తలుపు వేసే ఉంది. ఆవిడ అలా నిలబడే ఉంది. నేను లిఫ్ట్‌లోకి వెళ్ళిపోయాను.

ఇంటికొచ్చి మా ఆయనకు మిగిలిన సగం చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మెల్‌బోర్న్‌లో ఉన్న పాపకు ఫోన్ చేసి, నువ్వు క్లాసులో చెప్పింది నిజం కాదు అని మొదలుపెట్టి అంతా చెప్పాను. అది "తర్వాత మాట్లాడతాను" అని పెట్టేసింది. ఇంకా చెయ్యలేదు.

చెయ్యకపోవచ్చు. రోకియా మళ్ళీ నా ముఖం చూడకపోవచ్చు. లిమ్ ఆంటీకి ఎలాగూ చేరదు. ఇదేదీ బాగుపడుతుందని నేను మీకు రాయలేదు. మీరు కూడా ఏదో ఒకటి అనాలని చూడకండి.

ఇవాళ పొద్దున్న ఆఫీసుకి బస్సులో వెళ్తుంటే, పక్క సీట్లో ఒక కొత్త పెళ్ళికూతురు ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతోంది. కొత్త ఫ్లాట్, కొత్త పక్కింటివాళ్ళు, మంచి మనుషులంట. మామూలుగా అయితే నేను ముఖం కిటికీ వైపు తిప్పుకునేదాన్ని. ఇవాళ తిప్పుకోలేదు. ఆమె దిగేదాకా విన్నాను.